గొంతు దిగని గుక్క

గంగంపేట
సెప్టెంబర్

మా బిడ్డ బాపుకు,

ఫోటో చూశాను. నువ్వు పంపింది కాదు. మీ హోటల్ వాళ్లు ఊరందరికీ కనిపించేలా ఫోన్లో పెట్టారట. మన వీధి చివరి సాలెహా, ఫోన్ పట్టుకుని పరుగెత్తుకొచ్చి చూపించింది. "కళక్కా, గీయన మీ ఆయనే గదా? మంచిగనే ఉన్నడు గని, గా చేతిల ఏంది?" అని అడిగింది. దానికి జవాబు నీ దగ్గర ఉండాలి.

నల్ల చొక్కా వేసుకున్నావు. పొడుగు కాడ ఉన్న గాజు గ్లాసును దీపానికి ఎదురుగా పట్టుకుని, ఒక కన్ను మూసి చూస్తున్నావు. గ్లాసులో పసుపు కలిపిన నీళ్లలాంటిది మడ్డిగా ఉంది. అది మంచినీళ్లని చెప్పకు. షట్టరింగ్ పని మానేసి హోటల్లో చేరినప్పుడు నాకేం చెప్పావు? వంటగది సామాన్ల గది, బియ్యం బస్తాలు, నూనె డబ్బాలు అన్నావు. నూనెను ఎవరైనా కాడ గ్లాసులో పోసి చూస్తారా?

ఇంకో సంగతి. ఫోటోలో నీ మెడ బోసిగా ఉంది. తులసి మాల ఏది? మందు మానేస్తానని మాల వేసుకున్న రోజు నేనన్న మాట నీకు గుర్తుందో లేదో, నాకు గుర్తుంది. అంతకుముందు రోడ్డు పక్కన పడిపోయిన నిన్ను, చంకలో బిడ్డతో వచ్చి లేపుకెళ్లింది కూడా గుర్తుంది. మళ్లీ తాగితే ఈ గడప తొక్కొద్దన్నాను. ఆ మాట మారలేదు.

దీని గురించి ఫోన్లో ఎత్తకు. ఫోన్లో నువ్వు నవ్వితే నేనూ నవ్వేస్తాను, అడగాల్సింది అక్కడే మరిచిపోతాను. ఇరవై ఏళ్లుగా ఇదే నా జబ్బు. కాగితం మీద నువ్వు నవ్వలేవు. లీవు అయిపోయి వస్తున్న గంగాప్రసాద్ చేతికి ఈ ఉత్తరం ఇస్తున్నాను. జవాబు కూడా కాగితం మీదే రావాలి.

కళ


జిదాఫ్స్
అక్టోబర్

కళకు,

గంగాప్రసాద్ మామిడికాయ పచ్చడి, నీ ఉత్తరం కలిపి ఒకే కవర్లో ఇచ్చాడు. పచ్చడే కారం అనుకున్నాను.

ముందు మాల సంగతి. అది నా మెడలోనే ఉంది. హోటల్ చొక్కాకు మెడ దాకా గుండీలు. మాల లోపల ఉంటుంది. నమ్మకపోతే సాలెహా వాళ్లాయన మునవ్వర్ అన్నను అడుగు, రోజూ జిదాఫ్స్‌లో మమ్మల్ని స్టాఫ్ బస్సు ఎక్కించుకుని జల్లాఖ్‌లో దించేది ఆయనే. ఎలాగూ ఆయన సాలెహాకు చెప్పడం, సాలెహా నీకు చెప్పడం జరుగుతూనే ఉందని నాకు అర్థమైంది. సముద్రం దాటి గల్ఫ్‌కొచ్చినా మన వీధి నన్ను వదల్లేదు.

రెండోది. వంటగది సామాన్ల గదిలోనే చేరాను, అది నిజం. వేసవి నుంచి నన్ను వైన్ గదికి మార్చారు. నీకు చెప్పలేదు. చెబితే నువ్వు ఇలాగే రాస్తావని చెప్పలేదు. తాటిచెట్టు కింద పాలు తాగినా కల్లే అంటారు, నేను నిలబడ్డది నిజంగానే తాటిచెట్టు కింద.

ఇక్కడ మార్తా అని ఇటలీ ఆవిడ ఉంది. యాభై దాటి ఉంటాయి. ఇటలీలో, ఫ్రాన్సులో రెండు మూడెకరాల తోట ఉన్న చిన్న రైతుల దగ్గరికి పోయి, వాళ్లు ఇంట్లో చేసుకున్న వైన్ తెస్తుంది. మందులు చల్లని ద్రాక్ష, పైన ఏమీ కలపరు, వడకట్టరు. అందుకే మడ్డిగా ఉంటుంది. కొన్నిటికి పుల్లటి వాసన, కొన్నయితే మూత తీయగానే ఎడ్ల కొట్టంలో నిలబడ్డట్టే ఉంటుంది. వాటినే పెద్ద పెద్దవాళ్లు బల్ల చుట్టూ కూర్చుని రుచి చూస్తారు. నోట్లో పోసుకుంటారు, పుక్కిలిస్తారు, కళ్లు మూసుకుని ఆలోచిస్తారు, ఆ తర్వాత ముందున్న బకెట్‌లో ఉమ్మేస్తారు.

నవ్వకు. మొదటి రోజు నాకు ఈ సంగతి ఎవరూ చెప్పలేదు. నేను పోశాను, పన్నెండు మంది ఒకరి తర్వాత ఒకరు ఉమ్మేశారు. నా ప్రాణం పోయింది. మనింటికి వచ్చినవాళ్లు ముద్ద నోట్లో పెట్టుకుని ఉమ్మితే మనం ఎలా చస్తాం? సరుకు పాడైపోయింది, మార్తా పరువు పోయింది అనుకున్నాను. పరుగున పోయి బల్ల మీది సీసాలన్నీ ఎత్తేశాను. చేతులు జోడించి "సారీ సర్, సారీ మేడమ్" అంటూ ఒక్కొక్కరి ముందు నిలబడ్డాను. మార్తా నన్ను వెతుక్కుంటూ గదిలోకి వచ్చేసరికి సగం సీసాలు సింకులో ఒంపేశాను కూడా. తల పట్టుకుంది. తర్వాత నవ్వింది. "వాళ్లకు నచ్చింది భూమేష్! అన్నీ రుచి చూడాలంటే ఏదీ మింగకూడదు" అంది.

నా పని సీసాలు మోయడం, చల్లబెట్టడం, పోయడం, ఆ బకెట్ కడగడం. ఇంతే. బిడ్డను ముద్దు పెట్టుకున్నానని చెప్పు.

భూమేష్


గంగంపేట
నవంబర్

బిడ్డ బాపుకు,

నీ ఉత్తరం సాలెహాకు చదివి వినిపించాను. సింకులో ఒంపిన దగ్గర ఇద్దరం కడుపు పట్టుకుని నవ్వాం. అదే నీ ఉపాయమని నాకు నవ్వు ఆగాక తెలిసింది. కాగితం మీద కూడా నవ్వించడం నేర్చుకున్నావు.

నవ్వు అయిపోయాక మళ్లీ మొదటి నుంచి చదివాను. కొనుక్కున్న సరుకును నోట్లో పోసుకుని ఉమ్మేవాణ్ణి నేను ఇంతవరకు చూడలేదు, రోజూ చూస్తున్నదాన్ని. కింద పడ్డ చుక్క కోసం కూడా కొట్టుకుంటారు గాని ఉమ్మడమా? సరే, గొప్పోళ్ల తీరు వేరు అనుకుందాం. నా సందేహం వాళ్ల మీద కాదు. పోసేవాడు పోయాలి, మోసేవాడు మోయాలి. దీపానికి ఎదురుగా పట్టుకుని ఒక కన్ను మూసి చూడాల్సిన పని బకెట్ కడిగేవాడికి ఎందుకు? నువ్వు పనులన్నీ వరసగా రాశావు. ఫోటోలో చేస్తున్న పని ఒక్కటే రాయలేదు.

అందుకే సూటిగా అడుగుతున్నాను. నీ నోట్లో పడిందా, లేదా?

ఇక్కడ అంతా బాగుంది. దుకాణం ఇదివరకటిలా కాదు, బాగా నడుస్తోంది. సబ్బులు, చింతపండు కదలడం లేదు గాని ప్లాస్టిక్ గ్లాసులు, నీళ్ల ప్యాకెట్లు, వేయించిన బఠానీలు తెచ్చినవి తెచ్చినట్టే అయిపోతున్నాయి. పెద్ద ఫ్రిజ్ ఒకటి తీసుకుందామనుకుంటున్నాను. సాయంత్రం లొల్లి ఎక్కువగా ఉంటోందని బిడ్డ సాలెహా ఇంట్లో కూర్చుని చదువుకుంటోంది. నువ్వు అడుగుతావని రాస్తున్నాను, మార్కులు బాగానే వస్తున్నాయి.

జవాబులో కథలు వద్దు. అడిగినదానికి జవాబు రాయి.

కళ


జల్లాఖ్
డిసెంబర్

కళకు,

కథలు వద్దన్నావు. నోట్లో పడింది. గొంతు దిగలేదు.

ఎందుకు పడిందో చెప్పనివ్వు. ఈ వైన్‌లో ఏమీ కలపరు కాబట్టి ఏ సీసా ఎలా ఉంటుందో తెలియదు. ఒకే పెట్టెలో పక్కపక్కన ఉన్నవాటిలో ఒకటి బాగుంటుంది, ఒకటి పాడై ఉంటుంది. అందుకని బల్ల మీదికి పోకముందే ప్రతి సీసా నుంచి ఒక గుక్క ఎవరో ఒకరు రుచి చూడాలి. ఇంతకాలం మార్తాయే చూసేది. ఇప్పుడు ఆమె నెలకు సగం రోజులు ఇటలీలో ఉంటోంది. నన్ను పక్కన నిలబెట్టుకుని నేర్పింది. రంగు చూడాలి, వాసన చూడాలి, నోట్లో పోసుకుని గాలి లోపలికి పీల్చాలి, ఉమ్మాలి, తర్వాత మంచినీళ్లతో పుక్కిలించాలి. మొదటిసారి నోట్లో పోసుకున్నప్పుడు నా ఎడమ చెయ్యి చొక్కా మీంచి మాలను పట్టుకునే ఉంది. మార్తా చూసి గుండెనొప్పా అని అడిగింది.

కళా, ఇప్పుడు అసలు మాట. ఈ పనికి నన్ను పర్మనెంటు చేస్తామంటున్నారు. చేస్తే ఫ్యామిలీ వీసా వస్తుంది. అరాద్‌లో రెండు గదుల ఇల్లు చూసి వచ్చాను. విమానాశ్రయం దగ్గరే, విమానం దిగితే గిన్నెలు గలగలమంటాయి, అది నీకు అలవాటవుతుంది. మేడ మీద నుంచి పాత కోట, దాని వెనక నీళ్లు కనిపిస్తాయి. బిడ్డకు బడి ఉంది. పెళ్లయిన నాటి నుంచి మనం ఒక చోట ఉన్న రోజులకంటే ఫోన్లో ఉన్న రోజులే ఎక్కువ. నువ్వే ఎన్నిసార్లు ఏడ్చావు, నన్ను కూడా తీసుకుపొమ్మని.

నువ్వు సరేనంటేనే నేను సరే అంటానని మార్తాకు చెప్పాను. నా భార్య ఇండియాలో కూర్చుని నా ఉద్యోగం తేలుస్తుందా అని ఆశ్చర్యపోయింది. తేలుస్తుందన్నాను.

తాగనని నీకిచ్చిన మాటలో నాలుక కూడా ఉందా, గొంతు మాత్రమే ఉందా? నాకు తెలియడం లేదు. మునవ్వర్ అన్నను అడిగాను. స్టీరింగ్ మీంచి చెయ్యి తీయకుండా, "నాకు రెండూ హరామే భాయ్, నన్నడుగకు. మాట ఎవలకిచ్చినవో ఆమెనే అడుగు" అన్నాడు. అందుకే నిన్ను అడుగుతున్నాను.

భూమేష్


గంగంపేట
డిసెంబర్ ఆఖరు

శ్రీ భూమేష్ గారికి,

నాలుకకూ గొంతుకూ మధ్య గోడ లేదు. ఈరోజు ఉమ్ముతావు. రేపు ఎవరో పిలుస్తారు, అటు తిరుగుతావు, ఉమ్మడం మరిచిపోతావు. ఎల్లుండి మరిచిపోవడం అలవాటవుతుంది. నిన్ను ఎరిగినదాన్ని. దొంగ చేతికి తాళాలిచ్చి, వాడు రోజూ తాళం తీసి చూసి మళ్లీ వేస్తున్నాడు, చూశారా ఎంత మంచివాడో అన్నట్టుంది మీ మార్తా వ్యవహారం.

మొదటి ఉత్తరంలో పోస్తాను, కడుగుతాను అన్నావు. అడిగితే నోట్లో పడింది అన్నావు. ఇంకొంచెం అడిగితే ఇంకేం పడుతుందో? నీ దగ్గర నిజం బావిలో నీళ్లలా ఉంది, తోడిన కొద్దీ ఊరుతోంది.

అరాద్ మాట. ఇప్పుడు కుదరదు. దుకాణం ఎవరికి అప్పజెప్పి రాను? పొద్దు గుంకిన తర్వాతే బేరం, ఆ సమయంలో నేను లేకపోతే నడవదు. కొత్త ఫ్రిజ్ కూడా తీసుకున్నాను. వీసా, బడి, విమానాలు అన్నీ తర్వాత చూద్దాం.

నువ్వు ఆ సీసాల దగ్గర నుంచి జరిగి మళ్లీ బియ్యం బస్తాల దగ్గరికి పో. నా జవాబు ఇదే. పాటించావో లేదో నాకు తెలుస్తుంది, ఎలా తెలుస్తుందో నీకూ తెలుసు.

కళ


జిదాఫ్స్
జనవరి

కళా,

నువ్వు వద్దన్నందుకు నాకు కోపం లేదు. నువ్వు వద్దన్న తీరుకు నిద్ర పట్టడం లేదు.

నన్ను తీసుకుపొమ్మని ఫోన్లో ఏడ్చే మనిషి, రమ్మంటే దుకాణం అడ్డం అంటోంది. సబ్బులూ చింతపండూ కదలని దుకాణం. నీ పాత ఉత్తరం తీసి మళ్లీ చదివాను. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. నేను ఈశ్వరుణ్ణి కాదు, పాత తాగుబోతుని. ప్లాస్టిక్ గ్లాసులు, నీళ్ల ప్యాకెట్లు, వేయించిన బఠానీలు ఒకే దుకాణంలో అయిపోతున్నాయంటే, వాటితోపాటు ఇంకేం అయిపోతోందో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. పొద్దు గుంకిన తర్వాత బేరం. చల్లబెట్టడానికి పెద్ద ఫ్రిజ్. లొల్లి భరించలేక సాలెహా ఇంట్లో చదువుకునే బిడ్డ. రోజూ చూస్తున్నదాన్ని అని నువ్వే రాశావు. ఎక్కడ చూస్తున్నావు?

మునవ్వర్ అన్నను కదిపాను. నా గురించి సాలెహాకు పూసగుచ్చినట్టు చెప్పే మనిషి, నీ గురించి అడగ్గానే బస్సు అద్దం తుడవడం మొదలుపెట్టాడు. "మీ ఇంటి ముచ్చట మీరే మాట్లాడుకోండ్రి భాయ్, నా బస్సుల లొల్లి వద్దు" అన్నాడు. నాకు అంతే చాలు.

మన ఇంటి ముందర గదిలో ఏం అమ్ముతున్నావు?

ఫోన్లో చెప్పకు. ఫోన్లో నువ్వు ఏడిస్తే నేను సరే అంటాను. నీ షరతే ఇది. కాగితం మీద రాయి.

భూమేష్


గంగంపేట
జనవరి ఆఖరు

భూమేష్‌కు,

అవును. మందు అమ్ముతున్నాను. మండలంలో వైన్స్ నడిపే లింగన్న తెల్లారకముందే పెట్టెలు దించిపోతాడు. బియ్యం బస్తాల వెనక పెట్టుకుంటాను. క్వార్టర్ సీసాలు, బీర్లు. బెల్టుషాపు అంటారు, నీకు పేరు చెప్పాల్సిన పని లేదు. వానాకాలం నుంచి నడుస్తోంది. మహిళా సంఘం వాళ్లు రెండుసార్లు లొల్లికొచ్చారు. నేనూ తిరిగి లొల్లి పెట్టుకున్నాను.

ఉట్టి కిరాణం పెట్టుకుని ఈగలు తోలుకుంటూ కూర్చున్నాను, ఒక్కడూ రాలేదు. ఉప్పు పొట్లం కావాలన్నా సీసా దొరికే దుకాణానికే పోతారు, రెండూ ఒకేసారి దొరుకుతాయని. నేను అమ్మకపోతే ఇంకొకరు అమ్ముతారు. నేను అమ్మినంత మాత్రాన ఎవడి నోట్లోనూ పోయలేదు.

ఇప్పుడు నువ్వు నీతులు రాస్తావు. రాసే ముందు గురివింద గింజను తలచుకో. నువ్వు అక్కడ దొరలకు పోస్తే కొలువు, నేను ఇక్కడ కూలోళ్లకు అమ్మితే పాపమా? అక్కడి సీసాకు తోట పేరు ఉంటుంది, ఇక్కడి సీసాకు ఉండదు, ఇంతే కదా తేడా? నువ్వు నోట్లో పోసుకుని ఉమ్మానంటున్నావు. నేను నోటి దగ్గరికి కూడా తీసుకోలేదు. ఆ లెక్కన నీకంటే నేనే నయం.

దాచిందీ నిజమే. నువ్వు దాచలేదా?

బిడ్డ గురించి మాత్రం ఏమీ రాయకు. దాని గురించి నువ్వు ఒక్క మాట అన్నా నేను తట్టుకోలేను.

కళ


జిదాఫ్స్
ఫిబ్రవరి

కళకు,

ఉత్తరం ఈరోజు మధ్యాహ్నం అందింది.

మార్తాకు ఆ కొలువు వద్దని చెప్పాను. రుచి చూడను, మోస్తానన్నాను. కారణం అడిగింది, చెప్పలేదు. అరాద్ ఇంటివాళ్లకు కూడా వద్దని చెప్పేశాను. రంజాన్‌లో ఇక్కడ వైన్ గది మూసేస్తారు, అందుకని ఆ నెలలో లీవు పెట్టుకుని ఇంటికి వద్దామనుకున్నాను. అది కూడా వెనక్కి తీసుకున్నాను.

నీతులు రాయను. నువ్వు రాసినదానిలో తప్పేమీ దొరకలేదు. ఒక్క మాట మాత్రం విను. ఇక్కడ నా చుట్టూ సీసాలున్నా నాకు భయం లేదు, ఎందుకంటే ఇది పరాయి ఇల్లు, డ్యూటీ అయ్యాక తాళం వేసి బస్సెక్కుతాను. ఎక్కడో మందు లేని ఇల్లు ఒకటి నాకుందని అనుకునేవాణ్ణి. ఆ ఇంటికి పోవాలని ఉమ్మేవాణ్ణి. ఇప్పుడు అక్కడికి వస్తే నా మంచానికీ ఆ పెట్టెలకూ మధ్య తలుపు కూడా లేదు. నేను అంత గట్టివాణ్ణి కాదు కళా. ఆ ఇంటికి నేను రాలేను.

బిడ్డ గురించి ఏమీ రాయడం లేదు.

భూమేష్


గంగంపేట
ఫిబ్రవరి

బిడ్డ బాపుకు,

నీ ఉత్తరం వచ్చేసరికే పెట్టెలు పోయాయి. లింగన్నను పిలిచి అన్నీ పట్టుకుపొమ్మన్నాను. "ఏందమ్మా, మంచిగ నడుస్తుండె గదా, ఎవడన్న ఏమన్న అన్నడా?" అని అడిగాడు. ఎవరూ ఏమీ అనలేదన్నాను. సాయంత్రం ఎప్పటిలా జనం వచ్చారు. లేదంటే నమ్మలేదు, బస్తాలు జరిపి చూశారు, నానా మాటలు అన్నారు. గడపకు అడ్డంగా కూర్చున్నాను, వాళ్లే విసిగి పోయారు. ఇప్పుడు మళ్లీ ఈగలు తోలుకుంటున్నాను.

పోయిన ఉత్తరంలో రాయనిది ఒకటి ఉంది. కిరాణం నడవకనే పెట్టానని రాశాను. అది సగం. నువ్వు మాల వేసుకున్నావు, మానానన్నావు, ఊరంతా నమ్మింది. నేను ఒక్కదాన్నే ఒక్కరోజు కూడా నమ్మలేదు. అక్కడ కొలువిచ్చిన కఫీల్ భయం ఉంది, డ్యూటీ ఉంది, అందుకని మానాడు, ఇంటికొచ్చి మంచం మీద కాళ్లు చాపుకున్న రోజు మళ్లీ మొదలుపెడతాడు అనుకునేదాన్ని. ఆ రోజు వస్తే నిన్ను గడప అవతల నిలబెట్టి, బిడ్డా నేనూ మా బతుకు మేం బతకాలి. దానికి గట్టి దుకాణం కావాలి. అందుకే పెట్టాను. నీ తాగుడుకు భయపడి ఊరి తాగుడు మీద ఆధారపడ్డాను. రాస్తుంటే నాకే సిగ్గుగా ఉంది. చేస్తున్నప్పుడు సిగ్గు అనిపించలేదు.

నిన్ను ఇంతకాలం పోలీసు అడిగినట్టు అడిగాను. నోట్లో పడిందా, గొంతు దిగిందా అని ఇక నేను అడగను. లీవు మళ్లీ పెట్టుకో. రా.

కళ


జిదాఫ్స్
రంజాన్ మొదటి వారం

కళా,

నీ ఉత్తరం చదివి ఆ రాత్రే లీవు కాగితం మళ్లీ ఇచ్చాను. మర్నాడు పొద్దున టికెట్ కొనడానికి బయల్దేరి, ఆ దుకాణం మెట్ల మీద నుంచి వెనక్కి వచ్చాను. నువ్వు ఇక అడగనన్నావు. అడిగితే చెప్పడం వేరు. అడగకపోయినా చెప్పాల్సింది ఒకటి ఉంది. అది చెప్పకుండా టికెట్ కొనలేకపోయాను.

నువ్వు మందు అమ్ముతున్నానని రాసిన ఉత్తరం నాకు మధ్యాహ్నం అందింది. సాయంత్రం ఫ్రాన్సు నుంచి ఒక చిన్న రైతు, ఆయన భార్య వచ్చారు. వాళ్ల తోటది ఎర్ర వైన్. ఎప్పటిలా నేను ముందు రుచి చూడాలి. నోట్లో పోసుకున్నాను. బకెట్ ఎదురుగానే ఉంది. రైతు భార్య నా ముఖంలోకి చూస్తోంది, ఎలా ఉందంటానో అని. నాకు మాత్రం మన ముందర గది కనిపించింది. బిడ్డ పుస్తకాలు పెట్టుకునే గూట్లో సీసాలు కనిపించాయి. ఇక ఎవరి కోసం ఉమ్మాలి అనిపించింది. మింగాను.

పొరపాటున మింగానని రాయొచ్చు, నువ్వు నమ్ముతావు కూడా. పొరపాటు కాదు. తెలిసే మింగాను. ఇంకో మాట కూడా రాయాలి, ఇది రాయడానికి నాకు చెయ్యి రావడం లేదు. బాగుంది. గొంతులోంచి కిందికి దిగుతుంటే, తప్పిపోయిన మనిషి ఎదురొచ్చినట్టు అనిపించింది. గ్లాసులో ఇంకా కొంచెం ఉంది. దాన్ని చూస్తూ ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. ఆ భయానికే గ్లాసు బల్ల మీద పెట్టేసి, బాగుందని ఆమెకు చెప్పి, గదిలోంచి బయటికి వచ్చేశాను. కొలువు వద్దన్నది అందుకు. నీ మీద కోపంతో కాదు.

ఒక్క గుక్క. ముందూ లేదు, తర్వాతా లేదు. మాల తీసి పెట్టెలో పెట్టాను, వేసుకునే అర్హత ఉందో లేదో తెలియక.

గడప తొక్కొద్దన్న మాట మారలేదని మొదట్లోనే రాశావు. నీ మాట నీ ఇష్టం. ఈ ఉత్తరం చదివాక కూడా రమ్మంటే వస్తాను. వద్దంటే నిన్ను తప్పుపట్టను.

భూమేష్


గంగంపేట
మార్చి

బిడ్డ బాపుకు,

నువ్వు మింగిన సంగతి నాకు అదే రాత్రి తెలుసు.

మునవ్వర్ అన్న సాలెహాకు ఫోన్ చేశాడట. "భూమేష్ బస్సుల ఆఖరి సీటుల కూసోని ఏడుస్తున్నడు, దగ్గరికి పోతె వాసనొస్తున్నది. ఇంట్ల ఏమైందో అడుగు" అన్నాడట. సాలెహా ఆ అర్ధరాత్రే వచ్చి తలుపు కొట్టింది. నా ఉత్తరం నీకు అందిన రోజు అదేనని లెక్క వేసుకున్నాను. తెల్లారి లింగన్నను పిలిపించాను. నువ్వు రానని రాసిన ఉత్తరం అప్పటికి ఇంకా దారిలోనే ఉంది.

నీకు మాత్రం తెలిసినట్టు రాయలేదు. నోట్లో పడిందా, గొంతు దిగిందా అని అడగనన్నాను. అనుమానించనని ఎక్కడా రాయలేదు, కావాలంటే తీసి చూడు. నువ్వు చెబుతావా, దాచుకుని విమానం ఎక్కుతావా అని చూశాను. దాచుకుని వస్తే ఏం చెయ్యాలో కూడా అనుకుని పెట్టాను. ఆ గొడవ బిడ్డ కంట పడకూడదని దాని బట్టలు మూట కట్టి సాలెహా ఇంట్లో ఉంచాను. నిన్ను చూడగానే ఏడుస్తానని తెలుసు, ఏడుస్తూనే తలుపు వేసుకుందామనుకున్నాను. ఈ నెల రోజులు ఫోన్లో నీ గొంతు విన్నప్పుడల్లా ఎంత కష్టమైందో నీకు తెలియదు. ఇప్పుడు చెబుతాడు, ఇప్పుడు చెబుతాడు అని చూశాను. ఆ తర్వాత ఇక చెప్పడు అనుకున్నాను.

నీ ఉత్తరం గూట్లో పెట్టి, మొదట పోయి బిడ్డ బట్టల మూట ఇంటికి తెచ్చుకున్నాను. సాలెహా ఏమైందని అడిగింది. చెప్పాడు అన్నాను. ఆమెకు అర్థమైంది.

బాగుంది అని రాశావు. అది చదివి భయం వేసింది. నువ్వు వచ్చాక కూడా భయపడతాను, నీ నోరు వాసన చూస్తాను, నువ్వు ఆలస్యంగా వస్తే వీధి చివరి దాకా వచ్చి నిలబడతాను. అలవాటు పోదు. నీకు తాగాలనిపిస్తే, తాగకముందు నాకు చెప్పు. ఆ ఒక్కటీ చెయ్యి.

మాల ఎక్కడ పెట్టావో అక్కడే ఉండనీ, వచ్చాక చూద్దాం. టికెట్ తీసుకో. శంషాబాద్‌కు నేనూ బిడ్డా వస్తాం.

కళ